మంచె మీద పిల్లవాడి చేతికి తుపాకీ ఇవ్వకండి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి మా ఊరు వెళ్ళాను. మాది పల్నాడు జిల్లాలో, నల్లమల చివరి కొండలను ఆనుకుని ఉన్న చిన్న పల్లె. ఉద్యోగం కోసం గుంటూరు వచ్చి నలభై ఏళ్ళు దాటినా, పెద్ద పండగకు ఊరు వెళ్ళకపోతే నాకు పండగ చేసుకున్నట్టే ఉండదు. ఈసారి మా పెదనాన్నగారి ఇంటి వసారాలో, గోడ మీద క్యాలెండరు పక్కన, ఒక పత్రిక ముక్క అన్నం మెతుకులతో అంటించి కనిపించింది. దగ్గరికి వెళ్ళి చూస్తే మీ ఆదివారం అనుబంధంలోని పిల్లల పేజీ. అమెరికాలోని అలాస్కాలో 2017లో పదకొండేళ్ళ బాలుడు మీదికి దూసుకొచ్చిన గోధుమరంగు ఎలుగుబంటిని తుపాకీతో కాల్చి తన వాళ్ళను కాపాడుకున్న వార్త. పైన ఎర్రటి అక్షరాల్లో ‘చిచ్చరపిడుగు’ అని శీర్షిక.

ఆ ముక్క అంటించినవాడు ఆ ఇంటి మునిమనవడు, ఆరో తరగతి చదువుతున్నాడు. నాకు మనవడి వరస. “నాయనమ్మా, ఇటు రా, నీకొకటి చూపిస్తాను” అని చెయ్యి పట్టుకుని పశువుల కొట్టంలోకి తీసుకెళ్ళాడు. దూలానికీ తాటాకు కప్పుకూ మధ్య గోనెపట్టాలో చుట్టిన నాటు తుపాకీ ఉంది. “ఈ ఏడు మొక్కజొన్న చేతికొచ్చేలోగా నాన్న నాకు కాల్చడం నేర్పుతానన్నాడు. మంచె మీద నేనే ఉంటాను” అన్నాడు. వాడి కళ్ళలో వెలుగు చూసి నాకు ఒళ్ళు చల్లబడింది. అంతటి వెలుగు ఇంకో పిల్లవాడి కళ్ళలో నేను ఒకసారి చూశాను. అందుకే ఈ ఉత్తరం. పొడుగైందని కత్తిరించకుండా వేయమని ముందే వేడుకుంటున్నాను.

ఆ అలాస్కా బాలుడి మీద నాకు ఏ కోపమూ లేదు. వాడు బతికి బయటపడ్డాడు, తన వాళ్ళను బతికించుకున్నాడు, సంతోషం. కానీ మీ పేజీలో రాయకుండా వదిలేసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఆ పిల్లవాడికి తుపాకీ పట్టడం ఇంట్లోవాళ్ళు ముందునుంచే నేర్పారు. ఆ రోజు వాడు ఒంటరిగా లేడు, పక్కన పెద్దవాళ్ళు ఉన్నారు. వాడి చేతిలో ఉన్నది మళ్ళీ మందు కూరే పని లేకుండా వరసగా పేలే షాట్‌గన్. మొదట కాల్చినది ఎలుగును ఆపనేలేదని, ఆ తరవాతి దెబ్బలకే అది కూలిందని అప్పట్లో వార్తల్లో వచ్చింది. అంటే వాడి చేతిలో ఒక్కసారే పేలే తుపాకీ ఉండి ఉంటే ఆ వార్త ఇంకోలా ఉండేది.

మన దూలంలో దాచిన తుపాకీ ఒక్కసారే పేలేది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఎందుకంటే పట్నంలో కూర్చుని తుపాకీ అనగానే సినిమాలో చూసినదే గుర్తుకొస్తుంది. నాటు తుపాకీలో ముందు గొట్టం మూతి నుంచి నల్లమందు పోయాలి. దాని మీద కొబ్బరిపీచు ఉండ కుక్కి, ఇనుప కడ్డీతో దట్టించాలి. తరవాత రవ్వలు పోయాలి. రవ్వలంటే ఒకప్పుడు సీసపు గుళ్ళు, ఇప్పుడు సైకిలు చక్రం ఇరుసులో ఉండే ఉక్కు బంతులూ, విరిచిన మేకు ముక్కలూ. మళ్ళీ పీచు, మళ్ళీ దట్టింపు. చివర గుర్రం కింద, అంటే మీట నొక్కగానే కొట్టే చిన్న సుత్తి కింద, నిప్పు రేపే చిన్న టోపీబిళ్ళ పెట్టాలి. ఇదంతా పగటిపూట, చెయ్యి తిరిగిన మనిషి చేసినా ఎంత తొందరపడ్డా నిమిషం పడుతుంది. మంచె మీద, చీకట్లో, చలికి వణికే వేళ్ళతో ఒక పిల్లవాడు ఎంతసేపట్లో చేస్తాడు? ఆ లోపల గాయపడిన పంది ఎక్కడుంటుంది? దెబ్బ తగిలిన మగపంది పారిపోదు, తిరగబడుతుంది. మందు ఒక చిటికెడు ఎక్కువైతే గొట్టమే పగులుతుంది. అది పగిలే చోటు కాల్చేవాడి చెంపకు జానెడు దూరం.

మా నాన్నకు అలాంటి తుపాకీ ఉండేది. దొంగది కాదు, పంట కాపలా కోసం లైసెన్సు తీసుకున్నది. 1959 నాటి ఆయుధ చట్టంలోనే, పంట కాపాడుకోవడానికి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలుంది. కొండ పక్కన మాకు మూడెకరాల జొన్నచేను. 1975 డిసెంబరులో నాన్నకు మలేరియా వచ్చి మంచం పట్టాడు. గింజ పాలుపోసుకుంటున్న రోజులు. ఒక్క రాత్రి కావలి మానేస్తే పొద్దునకు సగం చేను నేల మీద ఉంటుంది. దాంతో అమ్మ, తమ్ముడు కావలికి వెళ్ళారు. తమ్ముడికి పదకొండేళ్ళు. మంచె కింద నెగడు వేసుకుని అమ్మ కూర్చుంది, తమ్ముడు పైన తుపాకీతో కూర్చున్నాడు. రెండో జాము దాటాక పందుల మంద చేలో పడింది. అమ్మ డబ్బా కొట్టింది. మంద చెదిరింది గాని ఒక పెద్ద మగపంది మాత్రం దారి తప్పి నెగడు వైపే పరుగెత్తుకొచ్చింది. తమ్ముడు పేల్చాడు. అది పక్కకు తిరిగి కొండవైపు పోయింది.

రవ్వలు దానికి తగిలాయో లేదో ఈనాటికీ ఎవరికీ తెలియదు. మర్నాడు వెతికితే నెత్తురు చుక్క కూడా కనబడలేదు. అమ్మను కాపాడింది ఆ మోతేనని నాకు చాలా ఏళ్ళ తరవాత గాని తోచలేదు. కానీ ఆ పొద్దున్న ఊళ్ళో ఎవరూ అలా అనుకోలేదు. రచ్చబండ దగ్గర తమ్ముడికి కొత్త తువ్వాలు కప్పారు. ‘చిన్నపులి’ అని పేరు పెట్టారు. బడిలో మాస్టారు వాణ్ణి బల్లమీద నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను.

ఆ మరుసటి ఏడు నాన్నకు జ్వరం లేదు. అయినా తమ్ముడే కావలికి వెళ్ళాడు, అదీ ఒంటరిగా. ఎవరూ పొమ్మనలేదు. వాడే తువ్వాలు తలకు చుట్టుకుని, తుపాకీ భుజాన వేసుకుని వెళ్ళేవాడు. నాన్న చూసి మీసం తిప్పుకునేవాడు. ఏడాది కిందటి వరకూ ఆ తుపాకీని ముట్టుకుంటే చెంప పగలగొట్టిన మనిషే ఆయన. మనసు మార్చింది ఊరి మెప్పు.

ఒక రాత్రి మా మామయ్య, అమ్మకు తమ్ముడు, పొరుగూరి నుంచి పొద్దుపోయాక వచ్చాడు. మేనల్లుడు ఒంటరిగా చలిలో ఉన్నాడని తెలిసి, వాడికి తోడు పడుకుంటానని, సత్తుగిన్నెలో జొన్న అన్నమూ గోంగూర పచ్చడీ పెట్టించుకుని బయలుదేరాడు. చేలోకి వెళ్ళేవాళ్ళు గట్టు మీద నుంచే ‘ఓహో’ అని కేకవేయాలని మా వైపు అలవాటు. మామయ్యకు ఆ రోజు గొంతు పోయింది, జలుబు. నల్ల గొంగళి నెత్తిన కప్పుకుని, మంచు తడికి జొన్న ఆకు మొహానికి కోసుకోకుండా వంగి నడుస్తున్నాడు. పైనుంచి చూస్తున్న పిల్లవాడికి కనిపించినదల్లా కదులుతున్న జొన్న కంకులు, వాటి మధ్య నల్లని ముద్ద. వాడు రెండోసారి చిన్నపులి కావాలనుకున్నాడు.

మామయ్యను ఎద్దులబండి మీద మాచర్ల తీసుకెళ్ళి, అక్కడి నుంచి మీటర్‌గేజి రైల్లో గుంటూరు తెచ్చేటప్పటికి మధ్యాహ్నమైంది. ఎడమ మోకాల్లో, తొడలో పదకొండు రవ్వలు. ఏడు తీశారు. నాలుగు ఆయనతోనే ఉండిపోయాయి. కాలు మడత పడకుండా బిగుసుకుపోయి, ఇంకో 22 ఏళ్ళు కర్రతో నడిచాడు. తుపాకీ తానే పేల్చానని నాన్న పోలీసులకు చెప్పి కేసు తన మీద వేసుకున్నాడు. మూడేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాడు, ఎకరం పొలం అమ్మాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. మామయ్య తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. ఎప్పుడొచ్చినా “రారా అల్లుడూ, పక్కన కూర్చో” అనేవాడు. తమ్ముడు మాత్రం ఆయన ఎదుట కూర్చుని మళ్ళీ అన్నం తినలేదు. ఆ ఏడే బడి మానేశాడు. ఇప్పటికీ దీపావళికి వాళ్ళింట్లో టపాకాయలు పేలవు. మూడు చిల్లులు పడిన సత్తుగిన్నెను అమ్మ పారేయలేదు, అటకమీద పెట్టింది. అమ్మ పోయిన తరవాత సామాను సర్దుతుంటే తమ్ముడే దాన్ని తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

ఈ ఉత్తరం రాసేముందు వాడికి ఫోను చేసి అడిగాను. “రాయి అక్కా. పేరు మాత్రం రాయకు” అన్నాడు.

మామయ్యతో పాటు ఆసుపత్రికి వచ్చి వార్డులో పన్నెండు రోజులు నేలమీద పడుకున్నప్పుడే నాకు నర్సు కావాలనిపించింది. అయ్యాను. ముప్పై ఏళ్ళకు పైగా ఎక్కువభాగం సర్జికల్ వార్డులోనే పనిచేశాను. అడవి అంచు పల్లెల నుంచి వచ్చిన గాయాలు నాకు చూడగానే తెలిసిపోయేవి. ఎలుగుబంటి నిలబడి మొహాన్ని, నెత్తిని చీలుస్తుంది. పంది కోర తొడను కింది నుంచి పైకి చీరేస్తుంది. ఈ రెండూ అడవి చేసే గాయాలు. వీటికంటే నన్ను ఎక్కువ ఏడిపించినవి ఇంట్లోవాళ్ళు చేసుకున్న గాయాలు. పంది కోసం కరెంటు స్తంభం నుంచి దొంగతనంగా లాగిన తీగ తగిలి మాడిపోయిన చేతులు. పిండిముద్దలో చుట్టి గట్టు మీద వదిలేసిన నాటుబాంబును తినే వస్తువనుకుని తీసుకున్న పిల్లల చేతులు.

తుపాకీ గొట్టం పగిలి వచ్చిన ఒక పిల్లవాణ్ణి మాత్రం మరిచిపోలేను. పన్నెండేళ్ళుంటాయి. కన్ను దక్కింది, అదే గొప్ప. కుడిచెంప నిండా నల్లమందు రేణువులు చర్మం లోపలికి దిగబడి, ఆవాలు చల్లినట్టు ఉంది. అలాంటి రేణువులను మొదటి రోజే తీసేయాలి. ఆలస్యమైతే పైన చర్మం మూసుకుపోయి నీలిమచ్చలై జన్మంతా ఉండిపోతాయి. మత్తు ఇచ్చి, మెత్తని బ్రష్షుతో, సెలైన్ పోస్తూ, ఒక్కొక్క రేణువునూ రాలుస్తూ కూర్చున్నాం. రెండు గంటలు పట్టింది. మత్తు దిగుతున్నప్పుడు వాడు అడిగిన మొదటి మాట “పంది పడిందా?” అని. వాడి తండ్రి తలుపు దగ్గర నిలబడి గోడకు తల బాదుకున్నాడు.

ఆ తండ్రిని నేను తిట్టలేదు. ఇప్పుడు కూడా తిట్టడానికి రాయడం లేదు. పిల్లవాణ్ణి మంచె ఎక్కించే తండ్రి సరదాకు ఎక్కించడు. కౌలు కట్టి, అప్పు తెచ్చి, విత్తనం వేసి, నాలుగు నెలలు కాపాడిన మొక్కజొన్నను మంద ఒక్క రాత్రిలో తొక్కేస్తుంది. తిన్నదానికంటే పడగొట్టినది ఎక్కువ. వేరుశనగ చేనైతే నాగలి దున్నినట్టు మూతితో దున్నేస్తుంది. మనిషి పగలంతా పనిచేసి రాత్రంతా మేలుకుని ఎన్నాళ్ళు బతకగలడు? కూలికి కావలి మనిషి దొరకడు, దొరికినా ఆ కూలి పంటలో మిగలదు. చివరికి మిగిలేది ఇంట్లో ఉన్న పిల్లవాడు. ఇది నేను పుట్టి పెరిగిన బాధ, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పైగా ఇప్పుడు అడవిపంది కేసు ఇంకా బిగుసుకుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించి, 2023 ఏప్రిల్ నుంచి అమలుచేసినప్పుడు అడవిపందిని రెండో షెడ్యూలులో, అంటే చట్టం కాపాడే జంతువుల రెండో జాబితాలో, చేర్చారు. ఎలుగు, చిరుత, పులి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. రైతు తనంతట తాను కాల్చి చంపితే నేరం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మరక్షణ కోసం చంపితే నేరం కాదని అదే చట్టంలోని పదకొండో సెక్షన్ చెబుతుంది. చేలో పంటకు ముప్పుగా మారిన పందిని చంపడానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. ఆ అనుమతికి దరఖాస్తు ఎక్కడ పెట్టాలో మా ఊళ్ళో పదిమందిని అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. దారి తెలియనివాడు దూలం వైపే చూస్తాడు.

పిల్లల సంగతికి వస్తే చట్టం ఏమాత్రం తడుముకోలేదు. ఆయుధ చట్టం మొదట పదహారేళ్ళు నిండనివాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదంది. 1983లో ఆ వయసును ఇరవై ఒకటికి పెంచారు. శిక్షణలో భాగంగా గురి సాధన చేసే పిల్లలకు ఉన్న మినహాయింపు వేరు, అది పర్యవేక్షణలో జరిగేది. దూలంలో దాచిన లైసెన్సు లేని తుపాకీ మాట చెప్పనే అక్కర్లేదు. 2019 సవరణ తరవాత అలాంటిది దగ్గర పెట్టుకున్నందుకే కనీస శిక్ష రెండేళ్ళ జైలు. మా పెదనాన్న మనవడిని, అంటే ఆ పిల్లవాడి తండ్రిని, “లైసెన్సు ఉందిరా?” అని అడిగితే తల దించుకుని “ఎక్కడిదత్తయ్యా” అన్నాడు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ కూడా, బడి వేళలు కానప్పుడు, ప్రమాదం లేని పనిలోనే పిల్లలు ఇంటికి సాయపడవచ్చంటుంది. రాత్రివేళ, కొండ పక్కన, మందుగుండుతో కాపలా ప్రమాదం లేని పని అని ఎవరైనా అనగలరా?

2023లో తిరుమల నడకదారిలో ఏం జరిగిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో చిరుత ఆరేళ్ళ పాపను ఎత్తుకెళ్ళి చంపేసింది. అప్పుడు దేవస్థానం వారు ఏం చేశారు? పదిహేనేళ్ళలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు గంటల తరవాత ఆ దారిలో నడవనివ్వబోమన్నారు. పెద్దవాళ్ళ చేతికి కర్రలు ఇచ్చారు, గుంపులుగా పొమ్మన్నారు, బోనులు పెట్టించి చిరుతలను పట్టించారు. ప్రమాదం ఉన్న చోటి నుంచి ముందు పిల్లలను తప్పించాలన్న ఆలోచన అక్కడ ఎవరికీ వింతగా అనిపించలేదు. కొండ మీద దేవుడి దారిలో నడిచే బిడ్డకు ఉన్న ఆ హక్కు కొండ కింద చేలో ఉన్న బిడ్డకు ఎందుకు లేదు?

సాహసం గురించి రాయాలనుకుంటే రాయండి, నేను వద్దనను. 2019లో ఉత్తరాఖండ్‌లోని పౌడీ గఢ్వాల్ జిల్లాలో ఒక చిన్న పిల్ల, చిరుత దూకినప్పుడు చిన్న తమ్ముణ్ణి తన ఒంటితో కప్పేసి కాపాడింది. తనకు తీవ్రమైన గాయాలయ్యాయి. ఆ పిల్లకు జాతీయ సాహస పురస్కారం ఇచ్చారు. ఆ కథ చదివిన పిల్లలెవరూ దూలం వైపు చూడరు. అయినా ఆ కథలో కూడా, ఆ పిల్లకు ఆ గతి పట్టకుండా పెద్దవాళ్ళు ఏం చేసి ఉండాలో రెండు వాక్యాలు రాయడం పత్రిక బాధ్యత అని నా నమ్మకం.

మా చిన్నప్పుడు కొండకు పుల్లలకు వెళ్ళే ఆడవాళ్ళు ఎప్పుడూ మాట్లాడుకుంటూ, కర్రతో బండల మీద తట్టుకుంటూ నడిచేవాళ్ళు. చెంచు పెద్దలు నేర్పిన జాగ్రత్త అది. ఎలుగు మనిషిని వెతుక్కుంటూ రాదు. హఠాత్తుగా ఎదురుపడితేనే మీదపడుతుంది. చప్పుడు వింటే ముందే తప్పుకుంటుంది. ఇప్పటి పిల్లలకు ఇది చెప్పేవాళ్ళు లేరు. అడవి అంచు బళ్ళలో నెలకొకసారైనా అటవీ సిబ్బందో, ఊరి పెద్దవాళ్ళో వచ్చి ఇలాంటివి చెబితే చాలా గాయాలు ఆగుతాయి. పిల్లలు నేర్చుకోవలసిన ఆత్మరక్షణ ఇదే.

చేను సంగతి పెద్దవాళ్ళు చూసుకోవాలి. చేను చుట్టూ ముళ్ళున్న కుసుమ నాలుగు వరసలు వేసినవాళ్ళున్నారు. ఆముదం వేసినవాళ్ళున్నారు. పాత చీరలు కట్టి, క్షౌరశాలల నుంచి తెచ్చిన వెంట్రుకలు గట్టు వెంట చల్లినవాళ్ళున్నారు. కొన్నాళ్ళు పనిచేస్తాయి, తరవాత పందికి అలవాటవుతుంది, మార్చుకుంటూ ఉండాలి. అన్నిటికంటే గట్టిది సోలార్ కంచె. అది సెకనుకోసారి క్షణకాలం మాత్రమే కొట్టే షాకు, జంతువు బెదిరిపోతుంది గాని చావదు, మనిషి తగిలినా చావడు. స్తంభం నుంచి లాగిన తీగకూ దీనికీ ఉన్న తేడా చావుకూ బతుకుకూ ఉన్న తేడా. దీని ఖర్చు ఒక్క రైతు మోయలేడు. పది చేలకు కలిపి ఒక కంచె వేసుకునేలా రాయితీ ఇస్తే మోయగలరు. అడవి అంచు మండలాలన్నిటికీ దీన్ని ఉపాధి పనులంత పట్టుదలగా చేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

కాల్చక తప్పనిచోట కాల్చేవాడు పెద్దవాడై ఉండాలి. కేరళలో 2022లో పంచాయతీ అధ్యక్షులకు గౌరవ వన్యప్రాణి సంరక్షణాధికారి హోదా ఇచ్చి, ఊళ్ళ మీద పడే అడవిపందులను లైసెన్సున్న తుపాకీదారులచేత కాల్పించే అధికారం అప్పగించారు. విషం, పేలుడు పదార్థాలు, కరెంటు వాడకూడదని షరతు పెట్టారు. అక్కడ అంతా సవ్యంగా జరుగుతోందని నేననను. కానీ రైతుకు వెళ్ళి అడగడానికి ఒక మనిషి, ఒక కార్యాలయం, ఒక కాగితం ఉన్నాయి. మన దగ్గర కూడా అనుమతి ఇచ్చే అధికారి ఎవరో, ఎన్ని రోజుల్లో ఇస్తారో గ్రామ సచివాలయం బోర్డు మీద రాసి పెట్టమనండి. నష్టపరిహారం పంట కోత అయ్యేలోగా చేతికి రావాలి. ఈ రెండూ జరిగితే ఏ తండ్రీ పిల్లవాడి చేతికి తుపాకీ ఇవ్వడు, ఇవ్వవలసిన అవసరమే ఉండదు.

ఇక మీకు నా విన్నపం. ఆ పిల్లల పేజీ తయారుచేసినవాళ్ళు చెడ్డ ఉద్దేశంతో వేశారని నేను అనుకోవడం లేదు. ఎక్కడో దూరదేశపు వింతగా వేసి ఉంటారు. కానీ మీ పత్రిక గుంటూరు, విజయవాడలతో ఆగిపోదు. పొద్దున్న మొదటి బస్సులో మాచర్ల దాకా, అక్కడి నుంచి ఆటోలో మా పల్లె దాకా వెళ్తుంది. అక్కడ దాన్ని చదివే పిల్లవాడికి ఎలుగుబంటి దూరదేశపు వింత కాదు, తుపాకీ కూడా కాదు. మా తమ్ముడికి తువ్వాలు కప్పినవాళ్ళూ చెడ్డవాళ్ళు కారు.

సంక్రాంతి కనుమ రోజు సాయంత్రం ఆ పిల్లవాడి తండ్రితో గంటసేపు మాట్లాడాను. మామయ్య కాలు, తమ్ముడి బడి, సత్తుగిన్నె, అన్నీ చెప్పాను. మా ఇంటి కథ వాడికి తెలియదు. మేమెవరమూ ఎప్పుడూ చెప్పలేదు, అదీ మా తప్పే. తుపాకీని పోలీసులకు అప్పగిస్తే కేసు పెడతారేమోనని భయపడుతున్నాడు. స్వచ్ఛందంగా తెచ్చి ఇచ్చేవాళ్ళ మీద కేసు ఉండదని జిల్లా అధికారులు ఒక గడువు ప్రకటిస్తే, ఇలాంటి దూలాలు చాలా ఖాళీ అవుతాయి. ఇది ఈ ఉత్తరం ద్వారా వారికి నా ప్రత్యేక మనవి. ప్రస్తుతానికి మంచె మీదికి పిల్లవాణ్ణి పంపనని నాకు మాట ఇచ్చాడు. పిల్లవాడు మాత్రం నాతో మాట్లాడలేదు. మొహం ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పత్రిక ముక్కను గోడ మీద నుంచి చింపమని నేను అడగలేదు.

వచ్చే నెల మొదటి వారంలో మళ్ళీ ఊరు వెళ్తున్నాను. మీరు ఈ ఉత్తరం వేస్తే, దాన్ని కత్తిరించి, ఆ వసారాలో క్యాలెండరుకు రెండో పక్కన నా చేత్తో అంటించి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివించుకుంటాను. వీలైతే పిల్లల పేజీలోనే వేయండి. వాడు మిగిలిన పేజీలు తెరవడు.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
బ్రాడీపేట, గుంటూరు.